మంచు మీద ఎవరి నడక వారిదే

1972 ఫిబ్రవరిలో జపాన్‌లోని సప్పోరోలో శీతాకాల ఒలింపిక్స్ జరిగాయి. మహిళల ఫిగర్ స్కేటింగ్‌లో స్వర్ణం ఆస్ట్రియాకు చెందిన ట్రిక్సీ షూబాకు దక్కింది. సంగీతంతో కలిసి చేసే ఫ్రీ స్కేటింగ్‌లో మాత్రం ఆమెది ఏడో స్థానం. అదే పోటీలో అమెరికా అమ్మాయి జానెట్ లిన్ కాంస్యంతో సరిపెట్టుకుంది. ఆమె ప్రదర్శన మధ్యలో గాల్లోకి ఎగిరి, కూర్చున్న భంగిమలోకి దిగి గిర్రున తిరగాల్సిన స్పిన్ ఒకటి ఉంది. అక్కడ కాలు నిలవక మంచు మీద చతికిలబడింది. పడ్డ మనిషి నవ్వు చెదరకుండా లేచి, మిగిలిన పాటంతా పూర్తి చేసింది. గెలిచిన అమ్మాయి కంటే ఈ పడి లేచిన అమ్మాయినే జపాన్ జనం ఎక్కువగా గుండెల్లో పెట్టుకున్నారు.

ఏడో స్థానంలో నిలిచిన మనిషికి స్వర్ణం ఎలా వచ్చిందని మీకు అనుమానం రావచ్చు. అప్పట్లో సగం మార్కులు కంపల్సరీ ఫిగర్స్ అనే విభాగానివి. సంగీతం ఉండదు. స్కేటర్ ఒంటికాలి మీద జారుతూ ఎనిమిది అంకె తీరులో వలయాలు గీయాలి. గీసిన గీత మీదే మళ్లీ మళ్లీ వెళ్లాలి. ఆ తర్వాత జడ్జీలు వచ్చి, వంగి, ఒక్కోసారి మోకాళ్ల మీద కూర్చుని మరీ ఆ గీతలను పరిశీలించేవారు. ముగ్గు వేసే చేతికి ఈ కష్టం చప్పున అర్థమవుతుంది. కాకపోతే ఇక్కడ వేళ్లతో కాదు, ఒంటి బరువంతా మోస్తున్న పాదంతో వేయాలి. ఆ విద్యలో షూబాను మించినవాళ్లు ఆనాడు లేరు. ఆమె గెలుపులో అన్యాయమేమీ లేదు. అప్పటి నిబంధనలు దేన్ని కోరాయో దాన్ని ఆమె అందరికంటే బాగా చేసింది.

అయితే టీవీలో కనిపించేది ఫ్రీ స్కేటింగ్. అది చూసి, ఫలితం విన్నవాళ్లకు ఏం జరిగిందో అర్థం కాలేదు. ఫిగర్స్ బరువు తగ్గించడానికి 1973లో షార్ట్ ప్రోగ్రామ్ అని కొత్త అంకం చేర్చారు. జానెట్ లిన్ లాంటివాళ్లకు ఇక మేలు జరుగుతుందని అందరూ అనుకున్నారు. ఆ ఏడాది బ్రాటిస్లావాలో ప్రపంచ పోటీలు జరిగితే, సరిగ్గా ఆ కొత్త అంకంలోనే ఆమె పడింది. రెండో స్థానంతో వెనుదిరిగింది. ప్రపంచ టైటిల్ ఆమెకు ఎప్పటికీ అందలేదు. ఫిగర్స్ మాత్రం 1990 దాకా పోటీల్లో కొనసాగి, ఆపై పూర్తిగా తప్పుకున్నాయి.

టెక్నిక్ గొప్పదా, సొంత శైలి గొప్పదా అన్న వాదన ఈ ఆటను అప్పటి నుంచీ, నిజానికి అంతకు ముందు నుంచీ వెంటాడుతూనే ఉంది. ఆ రెంటినీ ఎదురెదురుగా నిలబెట్టి పంచాయితీ పెట్టడమే పొరపాటని నా నమ్మకం. మంచు మీద శైలి అనేది బ్లేడు అంచులోంచి పుడుతుంది. అంచు మీద పట్టు లేనివాడు చేతులు ఎంత అందంగా తిప్పినా అది శైలి అనిపించుకోదు. అసలు తగువు వేరే చోట ఉంది. లెక్కకు అందే టెక్నిక్ ఒకటి, లెక్కకు అందని టెక్నిక్ ఇంకొకటి. మార్కులన్నీ మొదటిదాని వైపు ఒరిగిపోతుంటే రెండోది బక్కచిక్కిపోతుంది. ఈ పూట నేను చెప్పదలుచుకున్నది ఈ సంగతే.

ముందు ఆ బ్లేడును దగ్గరగా చూద్దాం. మందం సుమారు నాలుగు మిల్లీమీటర్లు. అడుగు భాగం చదునుగా ఉండదు. మధ్యలో సన్నని గాడి ఉంటుంది, దానికి అటొకటి ఇటొకటి పదునైన అంచులు. పొడవునా కూడా బ్లేడు కొద్దిగా వంపు తిరిగి ఉంటుంది. ముందు కొసన రంపపు పళ్ల లాంటివి ఉంటాయి, వాటిని టో పిక్ అంటారు. స్కేటర్ ఒక పక్కకు ఒరిగితే ఆ పక్క అంచు మంచును కోసుకుంటూ పోతుంది, దారి వంపు తిరుగుతుంది. లోపలి అంచు, బయటి అంచు, ముందుకు, వెనక్కు, కుడి కాలు, ఎడమ కాలు. ఈ ఆటలోని సంపదంతా ఇంతే. మిగతావన్నీ వీటితో అల్లుకున్నవే.

ఇది రేడియో కాబట్టి ఒక చప్పుడు గురించి చెబుతాను. అంచు మీద పట్టు తక్కువైతే బ్లేడు మంచును గీరుతుంది, కరకరమని వినిపిస్తుంది. మోకాలు లోతుగా వంచి, ఒళ్లు నమ్మకంగా ఒరిగించి జారేవాళ్ల అంచు మెత్తగా, గంభీరంగా పలుకుతుంది. అలాంటివాళ్లు ఒక్కసారి తోసుకుంటే చాలు, రింకు ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్లిపోతారు. వేగం ఎక్కడి నుంచి వచ్చిందో మన కంటికి తెలియదు. ఆ ఒరుగుదల ఎంత లోతు, ఎంతసేపు నిలుపుతారు, ఎప్పుడు వదులుతారు అన్నది ఒక్కొక్కరిలో ఒక్కో తీరుగా ఉంటుంది. ముసుగు వేసి దింపినా, బాగా చూసిన ప్రేక్షకుడు ఆ మనిషి ఎవరో గుర్తుపట్టేది దీన్ని బట్టే.

జంపుల్లోనూ ఇదే సంగతి. లట్జ్ అనే జంప్ తీసుకోండి. స్కేటర్ వెనక్కు జారుతూ, ఎడమ కాలి బయటి అంచు మీద పొడవాటి వంపు గీస్తూ వస్తుంది. ఒళ్లు ఆ వంపు తిరిగే వైపు పోతుంటుంది. ఎగిరే క్షణంలో కుడికాలి టో పిక్‌ను మంచులో దిగ్గొట్టి, సరిగ్గా దానికి వ్యతిరేక దిశలో తిరగాలి. శరీరం సహజంగా ఒప్పుకోని పని అది. అందుకే చాలామంది ఎగిరే ముందు గుట్టుగా లోపలి అంచుకు మారిపోతారు. అలా మారితే తిరగడం తేలిక, కానీ అది లట్జ్ కాదు. తెలిసిన కన్ను ఆ మోసాన్ని అర సెకనులో పట్టేస్తుంది. నిజమైన బయటి అంచు మీద చివరి దాకా నిలబడి లేచిన లట్జ్‌లో ఒక తెగింపు కనిపిస్తుంది. అది టెక్నికా, శైలా? నేనైతే విడదీయలేను.

ఈ కథకు మూలపురుషుడు 19వ శతాబ్దపు అమెరికన్, జాక్సన్ హేన్స్. అతను నాట్యం నేర్చినవాడు. మంచు మీద ఒళ్లు బిగబట్టుకుని, నిటారుగా నిలబడి గీతలు గీయడమే స్కేటింగ్ అనుకునే రోజుల్లో, అతను సంగీతానికి నాట్యం చేశాడు. సొంత దేశంలో ఆదరణ దొరక్క యూరప్ వెళ్లాడు. వియన్నా నగరం అతనికి నీరాజనం పట్టింది. 1875లో ఫిన్లాండ్‌లో చనిపోయాడు. సప్పోరోలో జానెట్ లిన్ చతికిలబడిన ఆ కూర్చుని తిరిగే స్పిన్ అతను కనిపెట్టిందే. శైలి కోసం దేశం విడిచిన మనిషి ఈ ఆటకు శాశ్వతంగా ఇచ్చిపోయింది ఒక టెక్నిక్‌ను.

హేన్స్ తర్వాత వందేళ్లకు వచ్చిన జాన్ కరీ దగ్గర నేను కాసేపు ఆగుతాను. ఇంగ్లాండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో 1949లో పుట్టాడు. చిన్నతనంలో నాట్యం నేర్చుకుంటానని అడిగితే తండ్రి ఒప్పుకోలేదు. మగపిల్లాడికి నాట్యమేమిటన్నది ఆయన అభ్యంతరం. స్కేటింగ్ ఆట కింద లెక్క కాబట్టి దానికి సరేనన్నాడు. ఆ సందులోంచి కుర్రవాడు తన నాట్యాన్ని మంచు మీదికి తెచ్చుకున్నాడు. చేతులు చాపే తీరు, మెడ నిలిపే తీరు, పాదం కొస దాకా సాగే గీత అన్నీ బ్యాలేవే. అయితే ఆ లాలిత్యమే అతనికి అడ్డంకి అయింది. మగవాళ్ల స్కేటింగ్ ఇలా ఉండకూడదని పెదవి విరిచినవాళ్లు చాలామంది. దానికి తోడు జంపులు నిలకడగా వచ్చేవి కావు.

1970ల్లో అతను అమెరికా వెళ్లాడు. అక్కడ గస్ లుస్సీ, కార్లో ఫాస్సీ అనే గురువుల దగ్గర చేరాడు. లుస్సీ జంపుల్లో, స్పిన్నుల్లో దిట్ట. కరీ అప్పటికే పేరున్నవాడు. అయినా జంపులను మళ్లీ మొదటి నుంచి కట్టుకుంటూ వచ్చాడు. శైలి కోసం బతికిన మనిషి టెక్నిక్ ముందు ఇలా తల వంచడం చూస్తే నాకు ముచ్చటేస్తుంది. ఫలితం 1976లో తెలిసింది. యూరప్ టైటిల్, ఒలింపిక్ స్వర్ణం, ప్రపంచ టైటిల్, మూడూ ఒకే ఏడాది. ఇన్స్‌బ్రుక్ ఒలింపిక్స్‌లో తొమ్మిది మంది జడ్జీల్లో ఏడుగురు అతనికే మొదటి స్థానం ఇచ్చారు. డాన్ కిహోటే బ్యాలే సంగీతానికి అతను చేసిన ఆ ప్రదర్శన రికార్డింగు దొరికితే తప్పక చూడండి. జంప్ ఎక్కడ మొదలైందో, నాట్యం ఎక్కడ ఆగిందో చెప్పలేం. ట్రిపుల్ జంప్ దిగి, ఆ దిగిన అంచు మీదే తర్వాతి భంగిమలోకి జారిపోతాడు. ఎక్కడా తొందర ఉండదు.

అదే పోటీలో కాంస్యం గెలిచినవాడు కెనడాకు చెందిన టాలర్ క్రాన్‌స్టన్. కరీకి పూర్తిగా ఎదురు ధోరణి. స్వయానా చిత్రకారుడు. అతని ఒళ్లు విల్లులా వంగేది, మోచేతులూ మోకాళ్లూ ఎవరూ ఊహించని కోణాల్లో విరిగేవి. కరీలో గీత ఎంత సాఫీగా ఉంటుందో, ఇతనిలో అంత భగ్గుమనేది. ఫిగర్స్‌లో వెనుకబడి, ప్రపంచ టైటిల్ ఎన్నడూ గెలవలేకపోయాడు. శైలి అనగానే ఒక్క తరహా సుకుమారం గుర్తొచ్చేవాళ్లు ఈ ఇద్దర్నీ పక్కపక్కన పెట్టి చూడాలి.

పోటీలు వదిలేశాక కరీ సొంత బృందం కట్టుకున్నాడు. ట్వైలా థార్ప్, కెన్నెత్ మెక్‌మిలన్ లాంటి నాట్య దర్శకులు అతని కోసం నృత్యాలు కూర్చారు. 1984లో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్లోనూ, న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపేరా హౌస్‌లోనూ అతని బృందం ప్రదర్శనలిచ్చింది. ఆ బృందానికి అతను రోజూ తరగతి పెట్టేవాడు. అందరూ కలిసి, నెమ్మదిగా, ఒకే లయలో అంచులు సాధన చేయడం ఆ తరగతికి ప్రాణం. ఎయిడ్స్ అతన్ని 1994లో, 44 ఏళ్లకే తీసుకుపోయింది. ఆ తరగతిలో నేర్చుకున్నవాళ్ల ద్వారా అతని నడక ఇంకా బతికే ఉంది.

లెక్కకు అందని దాన్ని నేను ఇంతగా పొగుడుతున్నాను కదా, దాని చీకటి కోణం కూడా చెప్పాలి. శైలికి మార్కులు వేసేది మనిషి. మనిషికి ఇష్టాయిష్టాలుంటాయి. ఫ్రాన్స్‌కు చెందిన నల్లజాతి స్కేటర్ సూర్యా బొనాలీ 1991 నుంచి వరుసగా ఐదుసార్లు యూరప్ చాంపియన్ అయింది. ఎగరడంలో ఆమెకు సాటి తక్కువ. ప్రపంచ పోటీల్లో మాత్రం మూడేళ్లు వరసగా రెండో స్థానమే. 1994లో జపాన్‌లో ఒక్క జడ్జి తేడాతో ఓడినప్పుడు, మెడలో వేసిన వెండి పతకాన్ని తీసేసింది. ఆమెలో లాలిత్యం లేదన్నారు. ఎవరి లాలిత్యం? ఏ ఒంటికి నప్పే లాలిత్యం? 1998లో నగానోలో, గాయంతో, గెలిచే ఆశ లేని స్థితిలో, ఆమె అప్పటికి నిషేధంలో ఉన్న బ్యాక్‌ఫ్లిప్, అంటే వెనక్కి పల్టీ, కొట్టి ఒంటికాలి మీద దిగింది. మార్కులు పోతాయని తెలిసే చేసింది. దశాబ్దాల నిషేధాన్ని అంతర్జాతీయ సమాఖ్య 2024లో ఎత్తేసింది. అందం మా కళ్లకు తెలుసు అని జడ్జీలు అనుకునే చోట అంకె ఎంత రక్షణో బొనాలీ కథ చెబుతుంది. అందుకే అంకెలను ద్వేషించలేను.

2002లో సాల్ట్‌లేక్ సిటీలో జంటల పోటీ తీర్పు మీద పెద్ద దుమారం రేగి, చివరకు రెండు జంటలకూ స్వర్ణం ఇవ్వాల్సి వచ్చింది. దాంతో ఆరుకు ఆరు అనే పాత మార్కుల పద్ధతి పోయింది. కొత్త పద్ధతిలో ప్రతి జంపుకూ, ప్రతి స్పిన్‌కూ ఒక మూల విలువ ఉంటుంది. ఎంత బాగా చేశారన్న దాన్ని బట్టి దానికి కలుపుతారు లేదా తీసేస్తారు. ప్రదర్శన మొత్తానికి, అంటే కూర్పుకూ, అభివ్యక్తికీ, అంచుల నైపుణ్యానికీ విడిగా మార్కులుంటాయి.

ఒక చిన్న లెక్క చెబుతాను. 2018 తర్వాతి పట్టిక ప్రకారం నాలుగు చుట్ల లట్జ్ మూల విలువ 11.5. మూడు చుట్ల లట్జ్‌ది 5.9. ఆ మూడు చుట్ల జంప్‌ను లోకంలో ఇంతకంటే బాగా ఎవరూ చేయలేరన్నంత గొప్పగా చేస్తే, జడ్జీలందరూ పూర్తి మార్కులు వేస్తే 8.85. అంటే ఓ మోస్తరుగా చేసిన నాలుగు చుట్ల జంప్ ముందు అది చిన్నబోతుంది. ఇక స్కేటర్ తన ఇష్టం వచ్చినట్టు రింకంతా పరుచుకుని, తన మనసులోని సంగీతాన్ని చూపించడానికి ఉన్న భాగం ఒకటుంది, కొరియోగ్రఫిక్ సీక్వెన్స్ అంటారు. దానికి ఎంత గొప్పగా చేసినా దక్కేది 5.5. మగవాళ్ల ఫ్రీ స్కేటింగ్‌లో ప్రదర్శన మార్కులు దాదాపు 100 దగ్గర ఆగిపోతాయి, జంపులకు అలాంటి కప్పు లేదు. 2024లో మాంట్రియల్‌లో ఇలియా మాలినిన్ ఫ్రీ స్కేటింగ్‌లో 227.79 తెచ్చుకున్నాడంటే తూకం ఎటు ఒరిగిందో మీరే లెక్కేసుకోవచ్చు. మాలినిన్ ఎగిరితే నేను కూడా ఊపిరి బిగబట్టి చూస్తాను. నాలుగున్నర చుట్ల ఆక్సెల్ అనే జంప్‌ను పోటీలో మొదట దించినవాడు అతనే. ఆ ఘనతకు తగిన విలువ ఇవ్వాలి. కానీ పద్నాలుగేళ్ల పిల్లవాడు, వాడి గురువు ఈ పట్టిక చూసి రోజులో ఏ పనికి ఎన్ని గంటలు కేటాయిస్తారు?

ఈ పట్టిక శైలిని ఎలా మింగుతుందో ఒక ఉదాహరణ. అమెరికన్ బ్రయాన్ బొయిటానో 1980ల్లో లట్జ్ ఎగిరేటప్పుడు ఒక చెయ్యి తలపైకి ఎత్తేవాడు. అది అతని ముద్ర. చెయ్యి పైకెత్తితే గాల్లో తిరగడం కష్టం కాబట్టి, కొత్త పద్ధతిలో దానికి అదనపు మార్కులు రాసాగాయి. అంతే, కొన్నేళ్లలో యువ స్కేటర్లు ఒక చెయ్యి, రెండు చేతులు ఎత్తి జంప్ తర్వాత జంప్ చేయడం మొదలుపెట్టారు. సంగీతం అడిగిందా లేదా అన్న ప్రసక్తి లేదు. స్విట్జర్లాండ్‌కు చెందిన డెనీజ్ బీల్‌మన్ వెనక నుంచి కాలును తలపైకి లాగి తిరిగే స్పిన్‌కు పేరుపడింది, 1981లో ప్రపంచ చాంపియన్ అయింది. ఆ స్పిన్ గతీ ఇంతే. ఒకరి సొంత గొంతు అందరి నోటా పాఠంగా మారింది. 2018 ఒలింపిక్స్‌లో అలీనా జగితోవా తన ఫ్రీ స్కేటింగ్ జంపులన్నీ రెండో సగంలోనే పెట్టుకుంది. రెండో సగంలో చేసే జంపులకు పది శాతం అదనం మరి. ఫ్రీ స్కేటింగ్‌లో ఆమెకూ ఎవ్‌గేనియా మెద్వెదేవాకూ సరిగ్గా ఒకే మార్కు, 156.65. మొత్తం మీద 1.31 తేడాతో జగితోవా గెలిచింది. తప్పు ఆమెది కాదు. ఆ పాట మొదటి సగం ఒట్టిపోయినట్టుందని అనిపించడం నా తప్పూ కాదు. ఆ తర్వాత ఆ అదనాన్ని చివరి మూడు జంపులకే పరిమితం చేశారు.

అయినా ఎదురీదేవాళ్లు ఉన్నారు. 2022 బీజింగ్‌లో జేసన్ బ్రౌన్ ఒక్క నాలుగు చుట్ల జంప్ కూడా లేకుండా ఆరో స్థానంలో నిలిచాడు. అతని స్పిన్నులు, అంచులు, ఒక అడుగు నుంచి మరో అడుగులోకి వెళ్లే తీరు చూసినవాళ్లకు ఆరో స్థానం కూడా తక్కువే అనిపించింది. అదే ఒలింపిక్స్‌లో అలెగ్జాండ్రా త్రుసోవా ఫ్రీ స్కేటింగ్‌లో నాలుగు చుట్ల జంపులు ఐదు చేసి రజతం గెలిచింది. కావోరి సకమోటో అవేవీ లేకుండా, మూడున్నర చుట్ల ఆక్సెల్ కూడా లేకుండా కాంస్యం గెలిచింది. ఆ తర్వాత వరసగా మూడేళ్లు ప్రపంచ చాంపియన్ ఆమే. సకమోటో డబుల్ ఆక్సెల్ చూడండి. ఎంత వేగంతో వస్తుందో అంత వేగంతోనే దిగి వెళ్లిపోతుంది. మిగతావాళ్లకు జంప్ ఒక మజిలీ, ఆమెకు దారిలో ఒక అడుగు.

రెండు ధోరణులూ ఒక్క మనిషిలో కలిసింది యుజురు హన్యూలో. 2014లో, 2018లో ఒలింపిక్ స్వర్ణాలు. మూడున్నర చుట్ల ఆక్సెల్‌కు ముందు మామూలుగా అందరూ పొడవాటి సన్నాహం చేస్తారు. హన్యూ గిరుక్కున ఒక కష్టమైన మలుపు తిరిగి, అక్కడికక్కడే ఎగిరి, దిగీ దిగగానే ఒంటికాలి మీద తిరుగుతూ సాగిపోయేవాడు. జంప్ సంగీతంలో భాగమయ్యేది. జపాన్ ప్రాచీన కాలపు మాంత్రికుడు అబే నో సేమేయ్ మీద తీసిన సినిమా సంగీతానికి చేసిన ప్రదర్శనకు సిద్ధమవుతూ, ఆ పాత్ర పోషించిన సంప్రదాయ క్యోగెన్ నటుడు మన్‌సాయ్ నోమురాను కలిసి మాట్లాడాడు. ఆ ప్రదర్శన ఆరంభంలో అతను చెయ్యి ఎత్తి నిలబడే తీరులో మంచు కంటే రంగస్థలం ఎక్కువ కనిపిస్తుంది.

మనకు మంచు లేదు, చక్రాలున్నాయి. చక్రాల మీద ఆర్టిస్టిక్ స్కేటింగ్‌లోనూ ఇవే ఆక్సెల్‌లు, ఇవే లట్జ్‌లు. మంచు మీద పోయిన ఫిగర్స్ అక్కడ ఇంకా ఉన్నాయి, నేల మీద గీసిన వలయాల వెంట చేస్తారు. హైదరాబాద్‌కు చెందిన అనూప్ కుమార్ యామా 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో సింగిల్స్‌లో ఒకటి, అవనీ పంచాల్‌తో జంటగా ఒకటి, రెండు కాంస్యాలు తెచ్చాడు. 2015లో అర్జున అవార్డు అందుకున్నాడు. అతన్ని చూసి ఈ విద్యలోకి వచ్చే పిల్లల తల్లిదండ్రులు మొదటి ఏడాదే జంప్ ఎప్పుడు నేర్పుతారని అడుగుతుంటారు. వాళ్ల గురువులు కాస్త మొండికేసి, ఆ ఏడాదంతా వలయాల మీదే తిప్పాలని నా కోరిక.

ఈసారి టీవీలో పోటీలు వస్తే జంప్‌లో చుట్లు లెక్కపెట్టే పని వ్యాఖ్యాతకు వదిలేయండి. దిగిన తర్వాతి రెండు సెకన్లు చూడండి. వెనక్కు చాచిన కాలు ఎంతసేపు నిలిచింది, కింది అంచు ఎంత దూరం వంపు గీసింది, తల ఎప్పుడు తిరిగింది. ఇద్దరు ముగ్గురిని అలా చూశాక, నాలుగో వ్యక్తి వచ్చినప్పుడు తేడా మీకే తెలుస్తుంది.